రాజోలు అల్లిక కూడిక

ఈ మధ్య మా వీధి చివర ఇద్దరు అమ్మాయిలు కలిసి దారాలూ పూసలూ రంగులూ అమ్మే కొట్టు తెరిచారు. ఆదివారాలు పదిమందిని పోగుచేసి అల్లికలు నేర్పుతామని కాగితాలు పంచారు. వాళ్ళలో చిన్నమ్మాయి ఒకరోజు మా ఇంటికి వచ్చింది. "మామ్మగారండీ, మీరూ ఇదే పని చేసేవారంట కదా. ఎలా చేసేరో చెప్పండి" అని అడిగింది. నోటితో చెబితే సగం నేను మరిచిపోతాను, మిగతా సగం ఆ అమ్మాయి మరిచిపోతుంది. అందుకని రాస్తున్నాను.

లైసెన్సు ఎలా తెచ్చుకున్నాను, అమ్మకం పన్ను ఎలా కట్టాను అన్నవి రాయను. అవి కాలాన్ని బట్టి మారిపోతాయి. మనుషులు ఎందుకు వస్తారు, ఎందుకు మానేస్తారు అన్నది మాత్రమే రాస్తాను. 1973 నుంచి 1988 దాకా, పదిహేనేళ్ళు, నేను నిజంగా చేసిన పని అదొక్కటే.

దారం ఎవరూ కొనరు

కొట్టు అమలాపురంలో, గడియార స్తంభానికి దగ్గర సందులో ఉండేది. ముందు గదిలో సరుకు, వెనక గదిలో నేను. అంతకుముందు ఆరేళ్ళు ఒక బడిలో కుట్టు టీచరుగా పనిచేశాను. పెళ్ళి చేసుకోలేదు. దానికి కారణాలు ఈ వ్యాసంలో అవసరం లేదు.

ఎంబ్రాయిడరీ దారాలు, ఫ్రేములు, అద్దాలు, చమ్కీలు, పూసలు, ఊలు, సంచీలు అల్లే ప్లాస్టిక్ వైరు తెచ్చి పెట్టాను. మొదటి నాలుగు నెలలూ కొట్టుకి వచ్చింది మగవాళ్ళే. ఇంట్లోవాళ్ళు ఇచ్చిన దారం ముక్క చొక్కా జేబులోంచి తీసి, "ఇదే రంగు ఇమ్మన్నారండీ" అనేవారు. ఒక ఉండ కొనుక్కుని వెళ్ళిపోయేవారు. మిగతా సరుకు మీద దుమ్ము దులపడమే నా పని.

సరుకు తిప్పి ఇచ్చేద్దామని విజయవాడ వెళ్ళాను. మా టోకు వ్యాపారి పెద్దాయన, బాగా లావుపాటి మనిషి. నేను చెప్పిందంతా విని ఒక వైరు కట్ట విప్పాడు. నేను టీ తాగేలోపల తన మొద్దు వేళ్ళతో సంచీ అడుగు అల్లి నా ముందు పెట్టాడు.

"ఇప్పుడు ఇది చూస్తే మీకేమనిపిస్తోందమ్మా?" అన్నాడు.

"మీరు సరిగ్గా బిగించలేదనిపిస్తోందండీ."

ఆయన పొట్ట అదిరేలా నవ్వాడు. "ఆ, అదే. మీరైతే ఇంతకంటే బాగా అల్లుతారు. అందుకని వైరు కొంటారు. ఉత్త కట్ట చూపిస్తే ఎవరు కొంటారమ్మా? దారం ఎవరూ కొనరు. సగం అల్లి చూపించండి. మిగతా సగం అల్లాలని వాళ్ళకే ఉంటుంది."

ఈ వృత్తిలో నాకు పైఅధికారి అంటూ ఎవరైనా ఉన్నారంటే ఆయనే. సరుకు వెనక్కి తీసుకోలేదు. పైగా ఇంకో రెండు కట్టలు అంటగట్టి పంపాడు.

తిరిగివచ్చిన నెలలోనే ఉద్యోగస్తుల భార్యలు కలుసుకునే ఒక హాలు వరండాలో మొదటి కూడిక పెట్టాను. పన్నెండుమంది వచ్చారు. వైరు సంచీ సగం అల్లి ముందే పెట్టుకున్నాను. ఆ ఏడాది చివరికి కూరగాయల బజారులో ఎటు చూసినా మా వైరు సంచీలే కనబడేవి. తరవాత కొత్తపేట, పలివెల, మురమళ్ళ, రాజోలు. నెలకి నాలుగు కూడికలు, ఒక్కో ఊళ్ళో ఒక్కొక్కటి. రేకు పెట్టె, గొడుగు, నేను. నా పేరు చాలామందికి తెలియదు. దారాల టీచరుగారు అనేవారు.

నాకు ఒక అలవాటు ఉండేది. ఎవరు ఏది కుట్టి చూపించినా ముందు వెనక్కి తిప్పి చూసేదాన్ని. ముందువైపు ఎవరైనా బాగానే కుడతారు. ముడులు, దారం తోకలు, దొంగ కుట్లు వెనక ఉంటాయి. ఒక ఇంజినీరుగారి భార్య నేను చెయ్యి చాపగానే గుడ్డని గుండెలకి అదుముకునేది.

"వెనక్కి తిప్పనంటేనే ఇస్తానండీ."

"తిప్పకపోతే చూడటం దేనికండీ?"

"మెచ్చుకోడానికండీ. మా ఆయన తిప్పకుండానే మెచ్చుకుంటారు."

"ఆయనకి కుట్టు రాదు కదండీ."

అందరూ నవ్వారు. ఆవిడా నవ్వింది. కానీ మరుసటి నెల ముడులు లేకుండా కుట్టుకుని వచ్చి, నేను అడగకముందే గుడ్డని వెనక్కి తిప్పి చూపించింది. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్ళు దీన్ని గుర్తుపెట్టుకోవాలి. చూడకుండా బాగుందంటే ఆ మనిషి ఇంకో ఉండ కొనదు. వెనక చూసి, ఇక్కడ బాగాలేదు, ఇక్కడ మాత్రం బాగుంది అంటే కొంటుంది. తనని ఎవరో చూశారన్న సంగతి మనుషులకి చాలా కాలం గుర్తుంటుంది.

ఊలు తెచ్చిన చిక్కు

1975లో విజయవాడ పెద్దాయన మాట విని ఊలు ఎక్కువగా తెచ్చాను. పలివెలలో ఒక మేష్టారి ఇంటి అరుగు మీద స్వెట్టరు అల్లిక చూపించాను. అది ఏప్రిల్ నెల. నా మెడ మీద చెమట కారి ఊలు తడుస్తోంది. అరగంట ఓపిగ్గా చూశాక ఒక పెద్దావిడ అడిగింది.

"ఏవండీ టీచరుగారూ, ఇది వేసుకుని ఎక్కడికి వెళ్ళాలండీ?"

కోనసీమలో స్వెట్టరు వేసుకునే చలి ఎప్పుడొస్తుందో నేను ఆలోచించలేదు. బేరం పోయిందనుకుని పెట్టె సర్దుతున్నాను. ఆవిడే మళ్ళీ అంది. "చేతులు లేకుండా, తల మట్టుకే అల్లచ్చాండీ? మా అమ్మాయి పురిటికొచ్చింది. పసిగుడ్డుకి టోపీ, అమ్మాయికి చెవులు మూసేది ఒకటి."

ఆ ఏడు నేను అమ్మిన ఊలంతా బాలింతలకీ పసిపిల్లలకీ పోయింది. సరుకు ఎందుకు పనికొస్తుందో అమ్మేవాళ్ళకి తెలుసనుకోవడం పొరపాటు. చూపించి ఊరుకోవాలి. వాళ్ళే చెబుతారు.

అందరూ వెళ్ళాక

ఇది ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెబుతాను. కూడిక అయ్యాక అందరూ ఇద్దరిద్దరుగా, ముగ్గురు ముగ్గురుగా మాట్లాడుకుంటూ వెళ్ళిపోతారు. రెండు గంటల కిందట ముక్కూ మొహం తెలియనివాళ్ళు కూడా గేటు దగ్గరకి వచ్చేసరికి వదినగారు, అక్కగారు, పిన్నిగారు అని వరసలు కలుపుకునేవారు. మా ఇంటికి రండంటే మా ఇంటికి రండనుకునేవారు. నేను కింద పడిన సూదులు వెతుక్కుంటూ, ముక్కలు ఏరుకుంటూ ఉండేదాన్ని. తాళం వేసే మనిషి గుమ్మంలో నిలబడి గొంతు సవరించుకునేవాడు.

నన్ను ఎవరూ వరస పెట్టి పిలవలేదు. అందరికీ టీచరుగారినే. నేను నిలబడే మనిషిని. చుట్టూ తిరిగి చూడాలి, అడిగినవి అందించాలి, చివరికి అమ్మాలి. పదిమందిని కలిపే మనిషికి ఆ పదిమందిలో చోటుండదు. ఇది ఫిర్యాదు కాదు. ఈ పని అలా ఉంటుంది. తెలుసుకుని రండి.

కూలీ పనినీ సరదా అంటే

ఇక రాజోలు సంగతి. నా పదిహేనేళ్ళలో లెక్కకి అందని ఊరు అదొక్కటే.

బోడసకుర్రు రేవులో పంటు పడవెక్కి గోదావరి పాయ దాటి, బస్సు పట్టుకుని, 1978లో మొదటిసారి అక్కడ కూడిక పెట్టాను. చర్చి పక్కన ఒక పొడుగాటి గది ఇచ్చారు. నేను చేసిన తప్పు ఏమిటంటే, ఆ రోజు చూపించడానికి లేసు అల్లిక ఎంచుకున్నాను. మంచి లేసు సూదులు కొత్తగా తెచ్చాను. "తీరికవేళ సరదాగా లేసు అల్లుకోండి" అని మొదలుపెట్టాను.

గదిలో నవ్వు మొదలై ఆగలేదు. వచ్చినవాళ్ళలో సగంమంది, విదేశాలకి లేసు పంపే ఏజెంటు ఇచ్చిన తెల్లదారంతో ఇంట్లో కూర్చుని కూలికి లేసు అల్లేవాళ్ళే. వాళ్ళ అమ్మలూ అదే పని చేశారు.

ముందు వరసలో కూర్చున్న ఒక బక్కపల్చటి మనిషి కొంగు అడ్డం పెట్టుకుని అంది. "మేం కూలికి చేసేదాన్ని మీరు సరదాకి చెయ్యమంటున్నారండీ. రేపు సరదాకి వరి కోయమంటారు కాబోలు."

ఆవిడ పేరు రూతమ్మ. రాజోలు పక్కనే పేటలో ఉండేది.

ఒకే సూది. అమలాపురం ఆఫీసరు భార్య చేతిలో అది కాలక్షేపం. రూతమ్మ చేతిలో పిల్లల బడిఫీజు. నేను ఐదేళ్ళుగా ఈ వ్యాపారం చేస్తూ కూడా ఆ తేడా ఆలోచించలేదు. అయినా పట్టుదల మనిషిని కాబట్టి ఒక పోటీ ప్రకటించాను. ఎవరికి వారు, ఒక్క చేతి మీద, గుండ్రటి బల్లగుడ్డ మొత్తం అల్లి రెండు నెలల తరవాత తేవాలి. మొదటి బహుమతి దారాల పెట్టె.

రెండు నెలల తరవాత వెళ్ళేసరికి గది నిండా మనుషులున్నారు. బల్లగుడ్డ ఒక్కటీ లేదు.

రూతమ్మ ఒక బిస్కట్ల డబ్బా తెచ్చింది. మూత తీస్తే నిండా లేసు పూలు, రూపాయి బిళ్ళంతవి. "పువ్వే నా పనండీ. పాతికేళ్ళ నుంచి పువ్వే. గుడ్డ ఎలా అవుతుందో నాకు తెలీదు" అంది.

ఇంకొకావిడ అంతర్వేది నుంచి వచ్చింది. పేరు మంగాయమ్మ. భర్తకి పడవ ఉంది, సముద్రం మీదకి వెళ్ళేవాడు. ఆవిడ చేతిలో ఉత్త సూది తప్ప ఏమీ లేదు.

"మీరేం తెచ్చేరండీ?" అని అడిగాను.

"నాకు అతుకేనండీ వచ్చు. పూలూ గొలుసులూ వస్తే అతుకుతాను. అతకడానికి ఎవరో ఒకరు ఏదో ఒకటి ఇవ్వాలి కదండీ."

అప్పటికి నాకు అర్థమైంది. ఏజెంట్లు పని ముక్కలు చేసి ఇస్తారు. ఒక ఊళ్ళో పూలు, ఒక ఊళ్ళో గొలుసులు, ఇంకో ఊళ్ళో అతుకు. సంచీలో వేసుకుని ఏజెంటు మనిషే ఊరూరా తిప్పుతాడు. ఆ గదిలో లేసు వచ్చినవాళ్ళలో ఒక్కరూ మొత్తం గుడ్డ అల్లినవాళ్ళు కారు. నేను పెట్టిన పోటీలో వాళ్ళెవరూ పాల్గొనలేరు. నాకు చిరాకు వేసింది. పోటీ రద్దు అని చెప్పబోతున్నాను.

మంగాయమ్మ రూతమ్మ డబ్బాలోంచి ఒక పువ్వు తీసింది. వెనక్కి తిప్పింది. దారం తోక ఎక్కడ దాచారో గోటితో వెతికి చూసింది. ఇంకోటి తీసి తిప్పింది.

"ఈ పువ్వు నాకు తెలుసు" అంది.

"పువ్వు పువ్వే కదండీ" అంది రూతమ్మ.

"కాదండీ. అందరూ చివర ముడేస్తారు. ముడి కనబడితే నాకు అతుకు కుదరదు. ఇది చేసినావిడ ముడి వెయ్యదు. దారం లోపలికి రెండుసార్లు తిప్పి వదిలేస్తుంది. కట్టలో ఈ పూలొస్తే ఆ రోజు పని తొందరగా అయిపోద్ది. పదకొండేళ్ళ నుంచి అనుకుంటున్నాను, ఈ పువ్వు ఎవరిదై ఉంటుందా అని. మీరేనాండీ?"

రూతమ్మ ఆ పువ్వు తీసుకుని మళ్ళీ డబ్బాలో పెట్టింది. తరవాత మెల్లిగా అంది. "నా పూలు దొరల దేశం పోతాయని తెలుసండీ. ముందు మీ ఇంటికొస్తాయని తెలీదు."

ఆ రోజు నేను ఇంకేమీ చూపించలేదు, ఏమీ అమ్మలేదు. వాళ్ళిద్దరూ గోడవారగా చాప మీద కూర్చున్నారు. పంటు వేళయిందని నేను బయలుదేరేసరికి వదినగారండీ అంటే వదినగారండీ అనుకుంటున్నారు.

ఏజెంటుగారు

తరవాతి కూడికకి దారాల పెట్టె తీసుకెళ్ళి, బహుమతి ఎవరికీ రాలేదు కాబట్టి ఇద్దరూ కలిసి ఒక గుడ్డ అల్లండి, దారం నాది అన్నాను. నియమం మార్చడం నా స్వభావం కాదు. ఆ ఒక్కసారీ మార్చాను.

రంగు ఎంచుకోవడానికి వాళ్ళకి గంట పట్టింది.

"తెలుపొద్దండీ. తెలుపు చూసి చూసి మొహం మొత్తేసింది" అంది మంగాయమ్మ.

"ఎరుపైతే?"

"ఎరుపు పెళ్ళికండీ వదినగారూ. మనకెందుకు?"

"మనకి పెళ్ళి కాలేదేంటి?"

"అయ్యిందనేగా వద్దంటున్నాను."

చివరికి నెమలికంఠం రంగు తీసుకున్నారు. ఒకే రంగైనా ఒక పెట్టెలో దారం ఇంకో పెట్టెతో కలవదు. అందుకని ఆ పెట్టె మొత్తం వాళ్ళ గుడ్డకోసమే విడిగా తీసి పెట్టాను.

గుడ్డ మొదలుపెట్టిన నాలుగో నెలలో లేసు ఏజెంటు అమలాపురం మా కొట్టుకి వచ్చాడు. వయసైన మనిషి, తెల్ల పంచె, చేతిలో గొడుగు. మనవరాలి గౌనుకి బొత్తాలు కావాలన్నాడు. బొత్తాలు ఎంచుకుని, తీరిగ్గా కూర్చుని మొదలుపెట్టాడు.

"రాజోల్లో కూడికలు బాగా జరుగుతున్నాయంటండీ."

"జరుగుతున్నాయండీ."

"ఆయ్. మంచిదేనమ్మా. సరదాకి కుట్టుకునే ఆడాళ్ళు మీకు బోల్డంతమంది ఉన్నారు. మా పనాళ్ళని వదిలెయ్యండి. ఒకళ్ళ పని ఒకళ్ళు చూసుకుంటే మాటలొస్తాయండీ. ఆవిడకెంత, నాకెంత అని. మీకు తెలీందేముంది."

"వాళ్ళు కూలి సంగతి మాట్లాడుకోవడం నేను వినలేదండీ. పిల్లల గురించీ చేపల కూర గురించీ మాట్లాడుకుంటున్నారు."

"మొదట అలాగే ఉంటుందండీ" అన్నాడాయన. నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు.

ఆయన చెడ్డవాడు కాదు. ఎన్నో ఇళ్ళలో ఆయన ఇచ్చిన పనితోనే పొయ్యి వెలిగేది. రూతమ్మకి పని మాన్పించలేదు, మంగాయమ్మకీ మాన్పించలేదు. సంచీ దారి మార్చాడంతే. రూతమ్మ పూలు ఇంకో ఊరికి పంపించి, మంగాయమ్మకి ఇంకెవరివో పూలు పంపించాడు.

"ముడుల పూలొస్తున్నాయండీ" అంది మంగాయమ్మ ఆ నెల. ఎవరినీ తిట్టలేదు. నెమలికంఠం గుడ్డ ఒళ్ళోకి లాక్కుని అతకడం మొదలుపెట్టింది. వాళ్ళిద్దరి చేతులూ కలిసిన గుడ్డ లోకంలో ఇక అదొక్కటే.

వ్యాపారం ప్రకారం చూస్తే రాజోలు కూడిక అప్పుడే మానెయ్యాలి. అక్కడ నాకు అమ్మకం లేదు. పంటుకీ బస్సుకీ అయ్యే ఖర్చు కూడా రాదు. ఎందుకు మానలేదని మా అక్క అడిగితే రకరకాల కారణాలు చెప్పాను. పేరు వస్తుందన్నాను. ముందుముందు కొంటారన్నాను. అవేవీ నిజం కాదు. గదిలో అడుగుపెట్టగానే వాళ్ళిద్దరిలో ఎవరో ఒకరు చాప మీద కాస్త జరిగి, "కూర్చోండి టీచరుగారండీ" అనేవారు. ఇంకే ఊళ్ళోనూ నాతో ఎవరూ ఆ మాట అనలేదు. నాకు పనుందండీ అని నేను ప్రతిసారీ నిలబడే ఉండేదాన్ని. అయినా ఆ మాట కోసం పంటు దాటేదాన్ని.

పూర్తికాని గుడ్డ

ఆ గుడ్డ నా అంచనా ప్రకారం అయిదారు కూడికల్లో అయిపోవాలి. రూతమ్మ వేగం నాకు తెలుసు, మంగాయమ్మ వేగం ఇంకా బాగా తెలుసు. ఏడాది దాటింది, రెండేళ్ళు దాటాయి. ప్రతి నెలా చూస్తే గుడ్డ కిందటి నెల ఉన్నంతే ఉంటోంది. సరుకులో లోపమా, చేతిలో లోపమా అని ఒకరోజు దగ్గరగా నిలబడి చూశాను.

కూడిక అయిపోవస్తోంది. మంగాయమ్మ ఆ రోజు అతికిన వరస మీద చెయ్యి పెట్టింది. చివరి నాలుగైదు పూల దగ్గర అతుకు నెమ్మదిగా విప్పేసి, పూలు రూతమ్మ డబ్బాలో వేసేసింది.

"సరిగ్గా రాలేదండీ. మళ్ళీ నెల చూద్దాం" అంది.

"అవునండీ, నాకూ అలాగే అనిపించింది" అంది రూతమ్మ.

అవి సరిగ్గానే వచ్చాయి. వెనకవైపు నేను చూశాను. ఒక్క కుట్టు కూడా తప్పులేదు. తప్పు లేనిచోట తప్పుందంటే ఊరుకున్నది నా జీవితంలో అదే మొదలు.

కూతురు

1984లో రూతమ్మ కూతురు సువార్త కూడికకి వచ్చింది. కాకినాడలో నర్సు ఉద్యోగం వచ్చి అప్పటికి ఏడాదయింది. ఇస్త్రీ చీర, చేతికి గడియారం. తల్లిని తనతో తీసుకెళ్ళడానికి వచ్చింది. తల్లి ఒళ్ళో లేసు చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"అమ్మా, కూలి మానేశానన్నావు కదా."

"ఇది కూలి కాదే. సరదాకి" అంది రూతమ్మ.

సువార్త నా వైపు తిరిగింది. మర్యాదగానే మాట్లాడింది. "టీచరుగారండీ, మా అమ్మ ఈ సూదితో మమ్మల్ని ముగ్గుర్నీ చదివించింది. లాంతరు దగ్గర కూర్చుని కళ్ళు పోగొట్టుకుంది. కుడికన్ను శుక్లం ముదిరిపోయింది, మీరు చూసేరా? నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆవిడ తల వంచుకునే ఉందండీ. మీరు దీన్ని సరదా అంటారు. మాకు కాదండీ. ఇంక ఆవిడ చేతిలో నేను సూది చూడలేను."

ఆ అమ్మాయి అన్నది ప్రతి ముక్కా నిజం. కానీ ఆ గుడ్డ దగ్గర కూర్చున్నప్పుడు రూతమ్మ తల వంచుకుని ఉండేది కాదు. మంగాయమ్మ మొహం చూస్తూ ఉండేది. ఆ సంగతి ఆ అమ్మాయికి ఎలా చెప్పాలో నాకు తెలియలేదు. మనుషులకి చెప్పవలసినవి సరుకు గురించి తప్ప నాకు ఎప్పుడూ సరిగ్గా చెప్పడం రాలేదు.

రూతమ్మ డబ్బా మూత పెట్టి, గుడ్డతో పాటు మంగాయమ్మ చేతికిచ్చింది. "ఇంకో వరస పూలు తక్కువుంటాయండీ వదినగారూ. అక్కడికెళ్ళి చేసి పంపిస్తాలెండి" అంది.

"అలాగేనండీ. తొందరేం లేదు" అంది మంగాయమ్మ.

పూలు రాలేదు. రూతమ్మకి రాయడం రాదు, మంగాయమ్మకి చదవడం రాదు. మరుసటి కూడికకి మంగాయమ్మా రాలేదు. మిగతావాళ్ళు ఇద్దరూ ముగ్గురూ వచ్చి, సందడి లేదని వాళ్ళూ మానేశారు. 1985 వేసవిలో ఆ గది తాళం తిరిగి ఇచ్చేశాను. తిరుగు ప్రయాణంలో పంటు మీద పెట్టె మీదే కూర్చున్నాను. నీళ్ళు ఎప్పట్లాగే ఉన్నాయి. అవతల రేవులో ఎవరూ నా కోసం ఎదురుచూడటం లేదన్న సంగతి ఆ రోజు కొత్తగా తెలిసినట్టు అనిపించింది.

వెనక్కి తిప్పి

ఆ ఏడాది శ్రావణమాసంలో మధ్యాహ్నం భోజనానికి తలుపు సగం వేసి ఉన్నాను. ముసురు పట్టి ఉంది. గుమ్మంలో ఎవరో గొడుగు దులుపుతున్న చప్పుడైంది. చూస్తే మంగాయమ్మ. అంతర్వేది నుంచి పొద్దున్నే బయలుదేరిందట. తువ్వాలులో చుట్టిన మూట చంకలో ఉంది.

"భోంచేసేరాండీ?" అంది.

"ఇప్పుడే. రండి. మీరు తిన్నారా?"

"బస్సులో తినేశానండీ." మూట విప్పింది. నెమలికంఠం గుడ్డ. చుట్టూ అంతా అయిపోయి, ఒక్క వైపు అంచులో చంద్రవంక లాగా ఖాళీ. "పూలు రాలేదండీ. ఇంట్లో కూలికొచ్చిన పూలు ఎవరివో పెట్టి చూశాను, ముడులు తగుల్తున్నాయి. మీరు పువ్వు చేస్తారేమోనని వచ్చేను."

నేను అందరికీ నేర్పిన మనిషిని. నా చేతి పని ఎవరూ అడగలేదు. నాకోసం నేను అల్లుకుని అప్పటికి చాలా ఏళ్ళయింది. విడిగా దాచిన పెట్టె అటకమీంచి తీశాను. ఆవిడ కింద చాప పరిచి కూర్చుంది. ఒక పక్కకి జరిగింది. ఆవిడ అనకముందే నేను కూర్చున్నాను.

మొదటి పువ్వు చేసి ఇచ్చాను. రేకులన్నీ సమానంగా, కొలిచినట్టు వచ్చాయి. ఆవిడ దాన్ని ముందువైపు చూడలేదు. వెనక్కి తిప్పింది. గోటితో దారం చివర వెతికింది. నా పని ఎవరైనా అలా తిప్పి చూడటం బడి ఉద్యోగం మానేశాక అదే మొదటిసారి.

"ముడి లేదండీ. బాగుంది" అంది. "కానీ బిగువుగా ఉంది. ఆవిడ ఇక్కడ కాస్త వదులు వదిలేది. మాట్లాడుతూ చేసేది కదండీ."

"నేను మాట్లాడుతూ చెయ్యలేనండీ."

"మాట్లాడాలండీ. అప్పుడే వదులొస్తుంది."

పలివెలలో ఏప్రిల్ నెలలో స్వెట్టరు చూపించిన సంగతి చెప్పాను. ఆవిడ సూది పక్కన పెట్టి మరీ నవ్వింది. వాళ్ళాయన ఒకసారి వలలో ఎవరి రబ్బరు చెప్పో పట్టుకొచ్చి, జత దొరుకుతుందేమోనని ఏడాదిపాటు చూరులో దాచిన సంగతి ఆవిడ చెప్పింది. మధ్యలో ఇద్దరు బేరానికి వచ్చి తలుపు సగం వేసి ఉందని వెళ్ళిపోయారు. నేను లేవలేదు. మూడో పువ్వో నాలుగో పువ్వో కాస్త వదులుగా వచ్చింది. ఆవిడ తిప్పి చూసి, వేలితో నొక్కి, "ఇదీ ఆవిడది కాదండీ. మీదే. ఫర్వాలేదు, అతుకుతాను" అంది.

సాయంత్రానికి ఆ ఖాళీ అంచు ఇంచుమించు నిండింది. ఇంకో రెండు పూలు పడితే గుడ్డ పూర్తి. చేతిలో ఉన్నది అయిపోగానే అవీ చేసేద్దామని నేను దారం తీసుకున్నాను.

"బస్సు టైమైపోద్దండీ టీచరుగారూ" అంది మంగాయమ్మ.

గుడ్డని మోకాలి మీద పరుచుకుంది. చివర్లో అతికిన మూడు పూల దగ్గర చెయ్యి పెట్టి, ఒక్కొక్క కుట్టూ నెమ్మదిగా విప్పింది. ఆ మూడు పూలూ నా ఒళ్ళో పెట్టి గుడ్డ మడత పెట్టుకుంది.

"సరిగ్గా రాలేదండీ. మళ్ళీ నెల చూద్దాం."

అవి సరిగ్గానే వచ్చాయి.

"అవునండీ" అన్నాను. "నాకూ అలాగే అనిపించింది."